ఇరవై మూడు నేరాల పర్వతాలు

ఆ పొద్దున పర్వతాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. గొర్రెలను తోలుకుని లచ్చయ్య చెలకకు పోవాలి, రెండు రాత్రులు అక్కడ మంద పెట్టాలి, మూడో రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకోవాలి. ఎనభై గొర్రెల్లో సగం ఈతల మీద ఉన్నాయి. రోజుకు రెండో మూడో పిల్లలు పుడుతున్నాయి. పుట్టిన ప్రతి పిల్లనూ గొంగట్లో చుట్టి ఎత్తుకునే మనిషి ఒకడే, వాడు పర్వతాలు.

మంద పెట్టడమంటే రాత్రిపూట గొర్రెలన్నింటినీ ఒకరి చెలకలో ఆపడం. తెల్లారేసరికి ఆ నేలంతా ఎరువు. ఆ ఏటికి ఆ రైతు జొన్నకు ఢోకా ఉండదు. అందుకే బండకిందిపల్లెలో పర్వతాలు ఎదురైతే రైతులు ముందు ఆయన క్షేమం, తర్వాత గొర్రెల క్షేమం అడిగి, ఆ తర్వాత అసలు సంగతికి వచ్చేవారు. లచ్చయ్యకు ఈ మంద ఊరికే పెట్టడం లేదు. పోయిన నెల పర్వతాలు బదులు కచేరికి పోయి నేరం ఒప్పుకుని వచ్చినందుకు పెడుతున్నాడు.

ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

మోత్కూరు నుంచి తిరుమలగిరి పోయే తోవలో ఉన్న ఆ ఊరికి జమేదార్ వెంకటయ్య పోలీసు పెద్ద. పైవాళ్ళు ఆయన్ను నెలకు నాలుగు సైకిల్ కేసులు చూపించమన్నారు. రాత్రి లైటు లేకపోవడం, గంట లేకపోవడం, ఒక సైకిల్ మీద ఇద్దరెక్కడం, ఏదైనా సరే నాలుగు కావాలి. జమేదారుకేమో మోకాళ్ళ నొప్పులు. సైకిల్‌ను ఉరికి పట్టుకోవడం ఆయన వల్ల కాదు. ఈ బాధ చూడలేక ఊరి పెద్దమనిషి కాటమయ్య ఒక ఏర్పాటు చేశాడు. పొలాలకు నీళ్ళ వంతు ఉన్నట్టే సైకిళ్ళకు కేసుల వంతు పెట్టాడు. ఊళ్ళో పన్నెండు సైకిళ్ళు, నెలకు నాలుగు కేసులు. వంతు వచ్చినవాడు చిల్లర కేసుల రోజున తాలూకా కచేరికి పోయి, చేతులు జోడించి "ఒప్పుకుంటున్న దొరా" అని, రెండు రూపాయల జుర్మానా కట్టి, హోటల్లో వేడివేడి మిరపకాయ బజ్జీలు తిని ఊరికొచ్చేవాడు. రెండేళ్ళుగా ఈ పద్ధతి ఒక్క మాట తేడా లేకుండా నడిచింది. బండకిందిపల్లె అంత క్రమంగా నేరాలు చేసే ఊరు జిల్లాలో మరొకటి లేదు.

పర్వతాలుకు కూడా ఒక సైకిల్ ఉంది. తిరుమలగిరి అంగట్లో మోజుపడి రెండు పొట్టేళ్ళకు మారుబేరం చేసి తెచ్చుకున్నాడు. మొదటిరోజే దానిమీదెక్కి కలబంద పొదలో పడ్డాడు. ముళ్ళు తీసేసరికి భార్య అమృతమ్మకు సాయంత్రమైంది. ఆనాటి నుంచి సైకిల్ ఇంటి దూలానికి వేలాడుతోంది, దాని వెనక గంపలో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కానీ వంతు సైకిల్‌కు గానీ తొక్కేవాడికి కాదని కాటమయ్య తీర్పు. పర్వతాలు కాదనలేదు. అయితే ఒకప్పుడు తోడేలును కట్టెతో తరిమిన ఆ మనిషికి నల్లకోటు కనపడితే మాత్రం కాళ్ళు వణికేవి. అందుకని తన వంతు వచ్చినప్పుడల్లా ఎవరినో ఒకరిని పంపేవాడు. పోయినవాడు పర్వతాలు పేరు చెప్పి నేరం ఒప్పుకునేవాడు. ఎందుకంటే వంతు పర్వతాలుది కదా, వేరే పేరు చెబితే అది తీరినట్టెలా? పోయొచ్చినవాడి చెలకలో రెండు రాత్రుల మంద. ఇందులో తప్పేముందో ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు.

గొర్రెలు దొడ్డి దాటుతుండగా జమేదార్ వెంకటయ్య వస్తూ కనపడ్డాడు. టోపీ నెత్తిమీద లేదు, చంకలో ఉంది. మొహం పాలిపోయి ఉంది.

"పర్వతాలూ, రేపు కచేరికి రావాలె. ఎవల్నీ తోలకు. నీ బదులు నువ్వే రావాలె."

"ఈ నెల నాకు వంతు లేదు గద సాబ్?"

"వంతు గాదురా, సమను! కొత్త మేజిస్ట్రేట్ సాబ్ వచ్చిండు. పాత రిజిస్టర్లన్ని ముందటేసుకొని చదివిండు. రెండేండ్లల్ల నీ ఒక్కని మీద ఇరవై మూడు కేసులున్నయంట. గింత మొండి మనిషిని తన కండ్లతోని చూడాలంట. జుర్మానాతోని నీకు బుద్ధి వస్తలేదు, పదిహేను దినాలు జేలుకు తోలుత అన్నడు."

జేలు అన్న మాట పర్వతాలు చెవిలో పడింది గానీ ఇంకా లోపలికి దిగలేదు. ముందు లెక్క దగ్గరే ఆగిపోయాడు.

"ఇరవై మూడా? నేను తోలింది ఎనిమిది మార్లే గద సాబ్! మిగిలిన పదిహేను ఎవడు చేసిండు?"

అప్పుడే మంద కోసం ఎదురొచ్చిన లచ్చయ్య ఆ మాట విని గుట్టవైపు చూడసాగాడు. గుట్టమీద చూడదగింది ఏమీ లేదు.

"ఏందే లచ్చయ్యా, గటు చూస్తవు?"

"ఏం లేదు తమ్మీ... నా వంతు నాడు గూడ నీ పేరే చెప్పిన. ఎవలదో ఒకలది చెప్పాలె గద! చెప్పొచ్చి, నీ పేరు మీద పోయొచ్చిన, మంద పెట్టుమన్న. నువ్వు పెడితివి."

"గట్ల ఎన్నిమార్లు?"

"నేనైతే మూడే మార్లు. జంగయ్యనడుగు, మైసయ్యనడుగు."

అడిగారు. మధ్యాహ్నానికి సంగతంతా కాటమయ్య ఇంటి అరుగుమీద బయటపడింది. జంగయ్య నాలుగుసార్లు, మైసయ్య నాలుగుసార్లు తమ సొంత వంతుల్లోనే పర్వతాలు పేరు చెప్పి వచ్చారు. ఒకసారైతే ఇద్దరూ ఒకే రోజు, ఒకే పూట, ఒకరి వెనక ఒకరు నిలబడి పర్వతాలు పేరు చెప్పారు. మిగతావి ఎవరివని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే పెద్దమనిషి కాటమయ్య గొంతు సవరించుకున్నాడు.

"నాయి నాలుగున్నయి. మిరపతోట బక్కగున్నదని..." అన్నాడు.

ఇన్నాళ్ళూ ఊరు ఊరంతా తనను ఎంత ఆప్యాయంగా పలకరిస్తోంది అనుకున్నాడు పర్వతాలు! అమృతమ్మ మాత్రం అనుకుంటూ కూర్చోలేదు.

"ఈయనకు సైకిల్ ఎక్కరాదు, దిగరాదు. మా సైకిల్ మీద కోడి తప్ప ఎవలూ కూసోలే. మీరు పోయి ఇరవై మూడు నేరాలు ఈయన నెత్తిన రుద్దొస్తరా? పదిహేను దినాలు ఈయన జేల్ల కూసుంటే ఈనిన గొర్రెను చూసేదెవలు, పిల్లకు పాలు తాపేదెవలు? నేను రేపు కచేరికొచ్చి అన్ని కక్కుత."

జమేదార్ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అమ్మా, నీ కాల్మొక్కుత, గంత పని చెయ్యకు! ఒకని పేరు మీద ఇంకొకడు కచేరిల నిలబడుడు దొంగతనం కన్న పెద్ద నేరం. ఆరు నెలలు పడ్తది. మొదాలు నేను, నా ఎన్క ఈ నలుగురు."

నలుగురికీ పెళ్ళాం పిల్లలున్నారు. లచ్చయ్యకైతే ఆరుగురు పిల్లలు, అందరూ చిన్నవాళ్ళే. చివరికి కాటమయ్యే తేల్చాడు. పర్వతాలు పోవాలి. ఎక్కువ మాట్లాడకూడదు. "తప్పయింది దొరా, ఇగ సైకిల్ ముట్ట" అని కాళ్ళమీద పడాలి. ధైర్యం కోసం నలుగురూ తోడు వస్తారు.

"మీరు రాకుంటేనే నాకు ధైర్యం" అన్నాడు పర్వతాలు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

మర్నాడు తెల్లవారుజామునే బయలుదేరారు. సైకిల్ కూడా హాజరు పరచాలని సమనులో ఉంది కాబట్టి దాన్ని దూలం మీది నుంచి దించి, కోళ్ళను బతిమాలి గంప తీసి, గాలి కొట్టారు. దాన్ని జంగయ్య ఒక చేత్తో నడిపిస్తూ, ఇంకో చేత్తో తన సైకిల్ హ్యాండిల్ పట్టుకుని తొక్కాడు. పర్వతాలు లచ్చయ్య వెనక కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పుల జమేదార్ మైసయ్య వెనక కూర్చున్నాడు. లైట్లు ఎవరికీ లేవు. రెండేళ్ళలో బండకిందిపల్లె సైకిళ్ళ మీద జరిగిన నిఖార్సయిన నేరాలు అవే.

కచేరి ఒక గడ్డమీద ఉంది. దాని గేటు దాటితే బాట ఏటవాలుగా నేరుగా అంగట్లోకి దిగుతుంది. ఆ రోజు వారపు అంగడి. కింద బండ్లు, గంపలు, జనం కిటకిటలాడుతున్నారు. గుమ్మం దగ్గరి బంట్రోతు వీళ్ళను చూసి పాత చుట్టాలను చూసినట్టు పొంగిపోయాడు.

"ఏం పర్వతాలన్నా, పానం మంచిగున్నదా?" అన్నాడు జంగయ్యతో. "నువ్వు గూడ వచ్చినవా పర్వతాలూ?" అన్నాడు లచ్చయ్యతో. ఆ ఊళ్ళో మగపిల్లలందరికీ ఒకే పేరు పెడతారని ఆయన ఎప్పుడో స్థిరపరచుకున్నాడు. అసలు పర్వతాలును మాత్రం "నువ్వెవలు? కొత్తగున్నవు" అన్నాడు.

మేజిస్ట్రేటుగారు ముప్పయ్యేళ్ళు కూడా నిండని మనిషి. కోస్తా నుంచి వచ్చారు, ఇదే మొదటి ఉద్యోగం, వచ్చి వారమైంది. చట్టమంటే ప్రాణం. అప్పటివరకు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు చిల్లర కేసుల రిజిస్టరు తెరిస్తే సంతకం పెట్టడానికే తెరిచేవారు. ఈయన చదవడానికి తెరిచారు. అదే కొంప ముంచింది.

బంట్రోతు గుమ్మంలో నిలబడి గొంతెత్తాడు. "బండకిందిపల్లె పర్వతాలూ! పర్వతాలూ! పర్వతాలూ!"

అలవాటు పాడుది. వరండాలోని బల్లమీది నుంచి లచ్చయ్య, జంగయ్య, మైసయ్య, కాటమయ్య నలుగురూ ఒక్కసారే లేచి "ఉన్న దొరా" అన్నారు. లేవనివాడు పర్వతాలు ఒక్కడే. వణుకు పుట్టి కాళ్ళు రెండూ బల్లకిందే బిగుసుకుపోయాయి.

మేజిస్ట్రేటుగారు కలం కింద పెట్టారు. "మీలో పర్వతాలు ఎవరు?"

నలుగురూ గబుక్కున కూర్చున్నారు. ఇప్పుడు ఎవరూ లేరు. జమేదార్ వెంకటయ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. చివరికి ఆయనే పర్వతాలును రెక్క పట్టుకుని లేపి, బోనులో నిలబెట్టి వచ్చాడు.

"మీరేనా పర్వతాలు?"

"నేనే దొరా. తప్పయింది దొరా. ఇగ సైకిల్ ముట్ట. గొర్లు ఈనుతున్నయి దొరా."

మేజిస్ట్రేటుగారు రిజిస్టరు తిప్పారు. "మాఘమాసంలో మీరు వేలిముద్ర వేశారు. ఆ తర్వాతి నెలలో ఉర్దూలో సంతకం చేశారు. మళ్ళీ వేలిముద్ర. ఆ పైన తెలుగులో సంతకం. మీకు చదువు వచ్చా, రాదా?"

పర్వతాలు కాటమయ్య వైపు చూశాడు. ఉర్దూ చదువుకున్నది ఆయనే. ఆయన పైకప్పు చూస్తున్నాడు. "గా నెల వచ్చింది దొరా. మళ్ల మర్చిపోయిన" అన్నాడు పర్వతాలు.

"ఒకే రోజు పదకొండు గంటలకు ఒకసారి, పదకొండుంపావుకు ఒకసారి నేరం ఒప్పుకున్నారు. ఆ పావుగంటలో బయటికెళ్ళి మళ్ళీ నేరం చేసి వచ్చారా?"

పదిహేను రోజులు. ఎనభై గొర్రెలు. నిన్న పుట్టిన కవల పిల్లలు, ఒకదానికి తల్లి పాలివ్వడం లేదు. అవన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగి, కాటమయ్య నేర్పిన మాటలన్నీ ఎగిరిపోయి, పర్వతాలు నోట్లోంచి నిజం జారిపడింది.

"దొరా, నాకు సైకిల్ తొక్కుడే రాదు!"

జమేదార్ గోడవెంట మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"ఇరవై మూడుసార్లు సైకిల్ తొక్కినందుకు శిక్షపడిన మనిషికి సైకిల్ తొక్కడం రాదా?" మేజిస్ట్రేటుగారు అంతకంటే నిర్ఘాంతపోయి అడిగారు. "మరి ఇక్కడికి వచ్చి ఒప్పుకున్నదెవరు? ఇందాక లేచిన ఆ నలుగురెవరు?"

కాటమయ్యకు ఆరు నెలలు కళ్ళముందు కనపడ్డాయి. లేచి నిలబడ్డాడు. "ఆనికి మంచిగొస్తది దొరా! సిగ్గుపడుతుండు. గాలి లెక్క తొక్కుతడు."

"గాలి లెక్క" అన్నారు మిగతా ముగ్గురు.

మేజిస్ట్రేటుగారు కుర్చీలోంచి లేచారు. ఆయన మొహంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. "సైకిల్ బయటే ఉంది కదా, ఇప్పుడే తేలిపోతుంది. ఈయన తొక్కగలిగితే, కోర్టులో అబద్ధమాడినందుకూ ఆ ఇరవై మూడింటికీ కలిపి జైలు. తొక్కలేకపోతే మీరు నలుగురూ, ఆ జమేదారూ జైలు. పదండి."

అందరూ కచేరి ముందటి మైదానంలోకి వచ్చారు. ఎండ చుర్రుమంటోంది. మేజిస్ట్రేటుగారు నల్లకోటు విప్పి బంట్రోతు చేతికిచ్చి, చొక్కా చేతులు మడిచారు. పర్వతాలు మనసు ఒక్కసారిగా తేలికపడింది. పడిపోతే చాలు, తను బయటపడతాడు. పడిపోవడం తనకు బాగా వచ్చిన పని. అంతలోనే లచ్చయ్య చిన్నపిల్లలు గుర్తొచ్చారు. కోపమూ ఉంది, జాలీ ఉంది. ఆయన సైకిల్ ఎక్కుతుంటే నలుగురూ చుట్టూ మూగారు.

"జర పడకురా తమ్మీ" అన్నాడు జంగయ్య చెవిలో. "జన్మల మళ్ల మంద అడుగ."

పర్వతాలు కుడివైపు ఒరిగాడు. లచ్చయ్య భుజంతో నిలబెట్టాడు. ఎడమవైపు ఒరిగాడు. మైసయ్య నడుం పట్టుకుని లేపాడు. ముందుకు పడబోయాడు. పెద్దమనిషి కాటమయ్య హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి నెట్టాడు. నలుగురు మనుషులు ఒక మనిషిని పడకుండా మోస్తుంటే సైకిల్ మైదానంలో ఎడ్లబండిలా నడుస్తోంది.

"ఏమిటిది? ఎవరూ ముట్టుకోవద్దు! అందరూ పక్కకు జరగండి" అని అరిచారు మేజిస్ట్రేటుగారు. చదువుకునే రోజుల్లో ఆయన రోజూ కాలేజీకి సైకిల్ మీద వెళ్ళినవారు. పరీక్షంటే నిక్కచ్చిగా ఉండాలి. "బయల్దేరేటప్పుడు ఒక్కసారి నేను సీటు పట్టుకుంటాను. వదిలాక తొక్కితే తొక్కుతాడు, పడితే పడతాడు. పర్వతాలుగారూ, ముందుకు చూడండి. కాళ్ళు ఆడించండి."

జన్మలో ఎవరూ తనను గారూ అనలేదు. ఆ దిగ్భ్రమలో పర్వతాలు కాళ్ళు ఆడించాడు. మేజిస్ట్రేటుగారు సీటు పట్టుకుని పది అడుగులు ఉరికారు, ఇరవై అడుగులు ఉరికారు. వదులుదామనుకునేసరికి ఎదురుగా గేటు, గేటు అవతల ఏటవాలు. సైకిల్ తనంత తానే వేగమందుకుంది.

"ఆపండి! బ్రేకు!"

"గదెక్కడుంటది దొరా?"

ఇప్పుడు వదిలేస్తే కచేరి గేటు ముందు ఒక మనిషి తల పగులుతుంది. దానికి కారణం మేజిస్ట్రేటు. పట్టుకుంటే తన కాళ్ళు అందుకోవడం లేదు. చట్టంలో ఈ రెంటికీ మధ్య దారి కనపడలేదు. మేజిస్ట్రేటుగారు ఒక్క ఎగురు ఎగిరి వెనక క్యారేజీ మీద కూర్చుని, పర్వతాలు చంకలకింద నుంచి చేతులు చాపి హ్యాండిల్ దొరకబుచ్చుకున్నారు. బ్రేకు నొక్కారు. దూలం మీద రెండేళ్ళు తుప్పు పట్టిన బ్రేకు పిడి ఊడి చేతికొచ్చింది.

బాట మీద కోళ్ళ గంపలు, కుండల కుప్పలు, గడ్డి బండ్లు ఎదురొచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. పర్వతాలు గుండె ఆగిందనుకున్నాడు. కాసేపటికి అది కొట్టుకుంటూనే ఉందని, పైగా హాయిగా కొట్టుకుంటోందని తెలిసింది. చెవుల్లో గాలి హోరుమంటోంది. తను పడడం లేదు! సైకిల్ తొక్కుతున్నాడు! జైలు సంగతి, గొర్రెల సంగతి మరిచిపోయి "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని కేకలు పెట్టాడు. వెనక నుంచి మేజిస్ట్రేటుగారు కూడా అవే కేకలు పెడుతున్నారు, ఆయన గొంతులో మాత్రం హాయి లేదు.

అంగడి మధ్యలో నిలబడ్డ ఒక గడ్డి బండి ఇద్దరినీ కడుపులో పెట్టుకుంది. సైకిల్ చక్రాలు ఇంకా తిరుగుతుండగానే ఎక్కడిదో ఈల మోగింది. ఆ పొద్దున్నే కొత్తగా డ్యూటీకి వచ్చిన పోలీసు, తళతళలాడే బొత్తాలతో ఉరికొచ్చాడు. చుట్టూ జనం మూగారు. ఎదురుగా హోటల్లో చాయ తాగుతున్న ఇద్దరు వకీళ్ళు ఏమైందోనని మెడలు చాస్తున్నారు.

"లెవ్వుండ్రి! ఒక సైకిల్ మీద ఇద్దరా? అంగడిల సవారీ చేస్తున్రా? గంట లేదు, బ్రేకు లేదు! నీ పేరేంది?"

పర్వతాలుకు నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఎంత నోరు తెరిచినా గాలి తప్ప మాట రాలేదు. పోలీసు విసుక్కుని రెండోవాడి వైపు తిరిగాడు. ఆ రెండోవాడి జుట్టు నిండా గడ్డి, చొక్కా నిండా దుమ్ము. ఒక చేతిలో బ్రేకు పిడి.

"నువ్వు చెప్పు. నీ పేరు?"

మేజిస్ట్రేటుగారు జనాన్ని చూశారు. వకీళ్ళను చూశారు. వాళ్ళలో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు, ఇంకొక్క నిమిషంలో పెట్టుకుంటాడు. మొదటి ఉద్యోగం, మొదటి వారం. ఆయన మొహం జనం కనపడని వైపుకు తిప్పుకుని, గొంతు బాగా తగ్గించారు.

"పర్వతాలు."

అసలు పర్వతాలు తెరిచిన నోరు మూయలేదు.

"తండ్రి పేరు?"

"మల్లయ్య." రిజిస్టరు రెండుసార్లు శ్రద్ధగా చదివినందుకు ఫలం దక్కింది.

"ఊరు?"

"బండకిందిపల్లె."

"నేరం ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటున్నాను."

పోలీసు రాసుకుని, ఇంకోసారి కనపడితే తోలు తీస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. వకీలు కళ్ళజోడు పెట్టుకునేలోపు ఇద్దరూ గడ్డి బండి చాటుకు జరిగారు. అక్కడి నుంచి ఊరి వెనక బాటన, సైకిల్‌ను చెరో పక్క పట్టుకుని గడ్డ ఎక్కడం మొదలుపెట్టారు. సగం దూరం ఎక్కాక పర్వతాలుకు గొంతు వచ్చింది.

"దొరా... గది నా పేరు గద."

"తెలుసు" అన్నారు మేజిస్ట్రేటుగారు. ఇంకో పది అడుగులు నడిచాక, తల దించుకుని, "మీ గొర్రెలు ఈనుతున్నాయన్నారు కదూ. ఇంటికి వెళ్ళండి. ఆ నలుగురినీ తీసుకుని వెళ్ళండి. జమేదారును కూడా. ఇంక ఎవరూ ఎవరి పేరుమీదా ఇక్కడికి రావద్దు" అన్నారు. చివరి మాట అనేటప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

మైదానంలో నలుగురూ చేతులు కట్టుకుని, జైలుకు పోవడానికి సిద్ధపడి నిలబడ్డారు. లచ్చయ్య ఏడుస్తున్నాడు. జమేదార్ తన టోపీని, బెల్టును విప్పి అరుగుమీద పెట్టేశాడు. పోండి అంటే ఎవరూ నమ్మలేదు, బంట్రోతు మూడుసార్లు కసరవలసి వచ్చింది. ఏం జరిగిందని దారి పొడుగునా పర్వతాలును అడిగారు. ఆయన ఏమీ చెప్పలేదు. ఊరి పొలిమేర దాకా లచ్చయ్య వెనక కూర్చుని, అక్కడ దిగి, తన సైకిల్ తీసుకుని ఒకసారి ఎక్కి చూశాడు. పడ్డాడు. నలుగురూ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నారు.

మరుసటి వారం చిల్లర కేసుల జాబితాలో బండకిందిపల్లె పర్వతాలు పేరు ఇరవై నాలుగోసారి వచ్చింది. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు, ఈసారి ఎవరూ లేవలేదు. మేజిస్ట్రేటుగారు తలెత్తకుండా నేరం రుజువైందని రాసి, రెండు రూపాయల జుర్మానా తన జేబులోంచే తీసి గుమాస్తా ముందు పెట్టారు. రసీదు మాత్రం అడిగి మరీ తీసుకున్నారు.